పసి చేతికి ఇవ్వడం నేర్పేదెవరు?

పిల్లలకు ఏమేం సమకూర్చి పెట్టాలన్న ఆలోచన ప్రతి తల్లికీ, తండ్రికీ ఉంటుంది. మంచి బడి, సొంత ఇల్లు, బ్యాంకులో కాస్త సొమ్ము - వీటి కోసం రాత్రింబవళ్లు శ్రమిస్తాం. ఇవన్నీ చేతికందిన బిడ్డకు వాటిలో కొంత తీసి మరొకరికి ఇచ్చే మనసు ఉంటుందా, ఉండదా అన్న ప్రశ్న మాత్రం మనకు అంతగా తట్టదు. ఆ మనసు వయసుతోపాటు దానంతటదే వస్తుందని అనుకుంటాం.

దివ్య ఖుర్ఆన్ హష్ర్ సూరా 9వ ఆయతులో మదీనా అన్సార్లను ప్రశంసించింది. తమకే అవసరం ఉన్నప్పటికీ వారు ఇతరులకు ప్రాధాన్యమిచ్చారని పేర్కొంది. మనసులోని లోభత్వం నుంచి రక్షించబడినవారే సాఫల్యం పొందేవారని అదే ఆయతు తెలియజేస్తోంది. అంటే లోభం ప్రతి మనసులోనూ పొంచి ఉండే జబ్బు. దాని బారిన పడకుండా బిడ్డను కాపాడే శిక్షణ చిన్నతనంలోనే మొదలవ్వాలి. అది ఎలా మొదలవుతుందో, ఎక్కడ చెడుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మన తలుపు దగ్గర బిడ్డ చూస్తున్నదేమిటి?

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఆ చుట్టుపక్కల ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ, నానక్‌రామ్‌గూడ ఇప్పుడు ఎత్తయిన మేడలతో నిండిపోయాయి. కర్నూలు, కడప, గుంటూరు, నల్లగొండ, వరంగల్ వంటి జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టిన తెలుగు ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అల్లాహ్ వారి ఉపాధిలో శుభం ప్రసాదించాడు. వారిలో చాలామంది లెక్కకట్టి జకాత్ తీస్తారు, సదఖా ఇస్తారు, ఊళ్లో ఉన్న బంధువులను ఆదుకుంటారు.

అయితే ఒక్క విషయం గమనించండి. ఊళ్లో దాదీ గడప దగ్గర నిలబడి ఫకీరుకు బియ్యం పోసేటప్పుడు కొంగు పట్టుకుని పక్కనే మనవడు ఉండేవాడు. కొన్నిసార్లు ఆ బియ్యం దోసిలి మనవడిదే అయ్యేది. ఇవాళ గేటు లోపలికి ఫకీరు రాడు. జకాత్ సొమ్ము ఫోనులో నాలుగు అంకెలు నొక్కగానే వెళ్లిపోతుంది. అబ్బా ఇప్పుడు ఒక వితంతువుకు నెల ఖర్చు పంపారో, లేక కరెంటు బిల్లు కట్టారో పక్కనే కూర్చున్న అయిదేళ్ల బిడ్డకు తెలియదు. ఆ బిడ్డకు తెలిసిందల్లా తలుపు గంట మోగితే ఏదో ఒక వస్తువు ఇంట్లోకి వస్తుందన్నది. ఆ తలుపు గుండా బయటికి వెళ్లే వస్తువును చూసిన అనుభవమే లేదు.

తల్లిదండ్రులు పిసినారులు కారు. కానీ వారి దాతృత్వం బిడ్డ కంటికి కనబడటం లేదు. కనబడనిదాన్ని బిడ్డ ఎలా నేర్చుకుంటాడు?

పుట్టుకతో వచ్చిన సుగుణం

ప్రతి శిశువూ స్వచ్ఛమైన సహజ ప్రకృతిపైనే పుడుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). తర్వాత ఆ బిడ్డను తీర్చిదిద్దేది తల్లిదండ్రులేనని కూడా ఆ హదీసే తెలుపుతోంది. ఈ రెండు భాగాలనూ కలిపి చదవాలి.

పసిపిల్లల ప్రవర్తనను పరిశీలించినవారు చెప్పే సంగతులు ఇక్కడ మనకు ఉపయోగపడతాయి. జర్మనీలో పనిచేసిన వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్దవాళ్ల చేతిలోని వస్తువు జారిపడి, దాన్ని అందుకోలేక ఇబ్బంది పడుతుంటే ఏడాదిన్నర పిల్లలు ఏం చేస్తారో చూశారు. చాలామంది పిల్లలు ఎవరూ అడగకుండానే వెళ్లి తీసి ఇచ్చారు. 2012లో కెనడాలో జరిగిన మరో అధ్యయనంలో, రెండేళ్లలోపు పిల్లలు తినుబండారం తీసుకునేటప్పటికంటే ఇచ్చేటప్పుడు ఎక్కువ ఆనందంగా కనిపించారు.

అయితే ప్రతి మాటనూ తొందరపడి నమ్మరాదు. ఏడాది నిండని శిశువులు సైతం సాయపడే బొమ్మనే ఇష్టపడతారని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2007లో ప్రకటించింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత అనేక దేశాల్లోని 37 ప్రయోగశాలలు కలిసి మరింత ఎక్కువ మంది శిశువులతో అదే ప్రయోగం చేశాయి. 2024లో వెలువడిన ఫలితాల్లో అలాంటి ఇష్టం కనబడలేదు. కాబట్టి మంచిచెడుల విచక్షణ బిడ్డకు పుట్టుకతోనే పూర్తిగా వచ్చేస్తుందని అనుకోవడం సరికాదు. నేలలో సారం ఉంటుంది. దాన్ని దున్ని, విత్తి, నీరు పెట్టాల్సింది మాత్రం మనమే.

తెలుసు, కానీ ఇవ్వడు

మూడు నాలుగేళ్ల బిడ్డను అడిగి చూడండి. పంచుకోవాలా అంటే పంచుకోవాలనే చెబుతాడు. తీరా తన చేతిలో చాక్లెట్లు ఉన్నప్పుడు పిడికిలి బిగిస్తాడు. దీన్ని చూసి కొందరు తల్లులు కంగారు పడతారు, బిడ్డ స్వార్థపరుడైపోతున్నాడని బాధపడతారు.

ఈ విషయమై అమెరికాలో 3 నుంచి 8 ఏళ్ల పిల్లలపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. చెరిసగం ఇవ్వాలన్న నియమం అన్ని వయసుల పిల్లలకూ తెలుసు. అయినా చిన్నవాళ్లు ఎక్కువ భాగం తామే ఉంచుకున్నారు. ఏడెనిమిదేళ్ల పిల్లలే సగం ఇవ్వగలిగారు. స్విట్జర్లాండ్ పిల్లలపై 2008లో వచ్చిన అధ్యయనం కూడా దాదాపు ఇదే చెప్పింది. మూడు నాలుగేళ్ల వారిలో అధికులు తమ లాభమే చూసుకోగా, ఏడెనిమిదేళ్ల వారిలో అధికులు సమానంగా పంచడానికి మొగ్గు చూపారు.

అంటే తెలియడం ముందు వస్తుంది, చేయడం తర్వాత వస్తుంది. ఈ రెంటి మధ్య నాలుగైదేళ్ల దూరం ఉంటుంది. ఆ దూరాన్ని ఉపన్యాసాలతో దాటించలేం. బిడ్డకు తెలియని విషయం కాదు కదా చెప్పడానికి! అతనికి కావలసింది అలవాటు. పదే పదే ఇచ్చిన చేతికే ఇవ్వడం తేలికవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2015లో మన దేశంతో సహా 7 దేశాల పిల్లలపై జరిగిన అధ్యయనం ప్రచురితమైంది. తనకు తక్కువ, ఎదుటివాడికి ఎక్కువ వస్తే అన్యాయమని తిరస్కరించే గుణం ఏడు చోట్లా కనబడింది. తనకే ఎక్కువ వచ్చినప్పుడు కూడా ఇది న్యాయం కాదని వదులుకునే గుణం మాత్రం మూడు దేశాల్లోనే, అదీ పెద్ద పిల్లల్లోనే కనబడింది. ఆ మూడింటిలో మన దేశం లేదు. తనకు జరిగిన అన్యాయం ఎవరూ నేర్పకుండానే అర్థమవుతుంది. తన వల్ల మరొకరికి జరిగే అన్యాయం అర్థం కావాలంటే మాత్రం శిక్షణ కావాలి. విశ్వాసి తన కోసం కోరుకునేదే తన సోదరుని కోసం కూడా కోరుకోవాలన్న ప్రవక్త (స) బోధనలోని సారాంశం ఇదే.

బలవంతం దానం కాదు

ఇంటికి చుట్టాలు వస్తారు. వారి పిల్లవాడు మన బిడ్డ బొమ్మ కావాలని ఏడుస్తాడు. మర్యాద పోతుందని మనం బిడ్డ చేతిలోంచి ఆ బొమ్మ లాక్కుని ఇచ్చేస్తాం. పైగా ఇవ్వడం నేర్పామని అనుకుంటాం. నిజానికి ఆ క్షణంలో బిడ్డ నేర్చుకున్నది బలమున్నవాడు లాక్కోవచ్చునని!

దైవప్రవక్త (స) ఆచరణ చూడండి. ఒక సమావేశంలో ఆయనకు పానీయం తెచ్చి ఇచ్చారు. ఆయన తాగాక మిగిలినదాన్ని కుడివైపు వారికి అందించడం సంప్రదాయం. కుడివైపు ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు, ఎడమవైపు పెద్దలున్నారు. ముందుగా పెద్దలకు ఇవ్వనా అని ప్రవక్త (స) ఆ పిల్లవాడినే అనుమతి అడిగారు. మీ నుంచి లభించే నా భాగాన్ని నేను ఎవరికీ వదులుకోనని ఆ బాలుడు స్పష్టంగా చెప్పాడు. ప్రవక్త (స) కోప్పడలేదు, పెద్దల ముందు అతన్ని చిన్నబుచ్చలేదు. ఆ పాత్రను అతని చేతికే అందించారు (బుఖారీ, ముస్లిం).

సుబ్‌హానల్లాహ్! పిల్లవాడి హక్కును కూడా హక్కుగానే చూశారు. తన వస్తువు తనదేనన్న భరోసా ఉన్న బిడ్డే దాన్ని సంతోషంగా ఇవ్వగలడు. తనది కానిదాన్ని ఎవరైనా ఎలా దానం చేస్తారు? అందుకే బిడ్డను అడగండి, ఎదురు చూడండి. ఇవ్వనంటే ఈసారికి వదిలేయండి. ఇచ్చినప్పుడు ఆ ఇవ్వడం పూర్తిగా అతనిదే కావాలి.

చాక్లెట్ ఆశ చూపకండి

కొందరు మరో దారి పడతారు. ఫకీరుకు పది రూపాయలు ఇస్తే ఐస్‌క్రీమ్ కొనిస్తామంటారు. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం తారుమారవుతుంది. వార్నెకెన్, టొమసెల్లో 2008లో ఇరవై నెలల పిల్లలపై ఈ సంగతి పరీక్షించారు. సాయం చేసినందుకు వస్తు రూపంలో బహుమతి అందుకున్న పిల్లలు, తర్వాత బహుమతి లేనప్పుడు సాయం చేయడం తగ్గించారు. ఏ బహుమతీ పొందని పిల్లలు యథాప్రకారం సాయం చేస్తూనే ఉన్నారు.

దివ్య ఖుర్ఆన్ దహ్ర్ సూరా 8, 9 ఆయతుల్లో పుణ్యాత్ముల లక్షణం వర్ణించబడింది. వారు నిరుపేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెడతారు. ప్రతిఫలం గానీ, కృతజ్ఞత గానీ ఆశించరు. దైవప్రసన్నతే వారి ధ్యేయం. పసితనంలో ఐస్‌క్రీమ్ కోసం ఇచ్చినవాడు పెద్దయ్యాక పొగడ్త కోసం, ఫొటో కోసం ఇస్తాడు. బిడ్డ ఇచ్చినప్పుడు మనం చేయవలసినది చిన్న పని. ఆనందించి దుఆ చేయాలి. నువ్విచ్చిన అన్నం తిని ఆయన ఆకలి తీరింది, అల్లాహ్ ఇది చూశాడని చెప్పాలి. అతని దృష్టి తీసుకున్నవారి ముఖం మీదికి, ఆపైన అల్లాహ్ వైపు మళ్లాలి.

ఇంట్లో న్యాయం లేకపోతే

నోమాన్ బిన్ బషీర్ (రజి)కు చిన్నతనంలో ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి, దానికి ప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) ప్రశ్నించారు. లేదని జవాబు రాగానే, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమని బోధించారు (బుఖారీ, ముస్లిం). ఆ తండ్రి కానుకను వెనక్కి తీసుకున్నారు. కొడుక్కి ఒకలా, కూతురికి మరోలా పంచే ఇంట్లో పెరిగిన బిడ్డకు న్యాయం అన్న మాట పుస్తకాల్లోనే మిగిలిపోతుంది.

మాట నిలబెట్టుకోవడం కూడా ఇలాంటిదే. ఒక తల్లి తన పిల్లవాడిని రా, నీకొకటి ఇస్తానని పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ ఖాతాలో అబద్ధంగా రాయబడేదని ప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్). ఆఫీసు నుంచి వస్తూ తెస్తానని రోజూ చెప్పి తేలేని మనకు ఇది పెద్ద పాఠం.

కారణం చెప్పడం కూడా శిక్షణలో భాగమే. పసివాడైన హసన్ (రజి) సదఖా ఖర్జూరాల్లోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నప్పుడు ప్రవక్త (స) దాన్ని ఉమ్మించారు. అంతటితో ఊరుకోలేదు. మనం సదఖా తినమన్న కారణం కూడా చెప్పారు (బుఖారీ, ముస్లిం). వద్దు అన్న మాట వెంట ఎందుకు వద్దో చెబితేనే నీతి బిడ్డకు అర్థమవుతుంది.

ముస్లిం ఇల్లు అయితే చాలా?

2015లో ఒక ప్రముఖ పరిశోధన పత్రిక ఆరు దేశాల పిల్లలపై జరిగిన అధ్యయనాన్ని ప్రచురించింది. ధార్మిక కుటుంబాల పిల్లలు, వారిలో ముస్లిం పిల్లలు కూడా, ఇతరులకంటే తక్కువగా పంచుకుంటారని దాని సారాంశం. ప్రపంచ పత్రికలన్నీ ఆ వార్తను పతాక శీర్షికల్లో వేశాయి. తర్వాత అజీమ్ షరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ గణాంకాలను మళ్లీ పరిశీలించారు. దేశాల మధ్య తేడాలను లెక్కగట్టడంలో పొరపాటు జరిగిందని తేలింది. దాన్ని సరిదిద్దితే ఆ ఫలితం నిలవలేదు. 2019లో ఆ వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించింది.

మన మీద పడిన నింద తొలగిందని సంతోషించవచ్చు. కానీ అక్కడితో ఆగిపోకూడదు. సరిదిద్దిన లెక్కలు ముస్లిం పిల్లలు తక్కువ ఉదారులని చెప్పలేదు, ఎక్కువ ఉదారులని కూడా చెప్పలేదు! పేరు ముస్లింది, ఇల్లు ముస్లింది అయినంత మాత్రాన బిడ్డ చేయి తెరుచుకోదు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందన్నదే ముఖ్యం.

ఎవరికి ఇవ్వాలి?

పైన చెప్పిన స్విట్జర్లాండ్ అధ్యయనంలో మరో విషయం బయటపడింది. పిల్లలు పంచుకోవడం నేర్చుకునే వయసులోనే తన జట్టు, పరాయి జట్టు అన్న భేదం కూడా తలెత్తుతుంది. తనవాళ్లకు సమానంగా పంచే బిడ్డ పరాయివాళ్ల దగ్గర వెనకాడతాడు. కాబట్టి ఎవరు మనవాళ్లన్న గీతను ఎక్కడ గీస్తున్నామో చూసుకోవాలి. గుజరాత్‌లో హిందూ, ముస్లిం పిల్లలపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనం ఊరటనిస్తుంది. ఎవరి మతాచారాలు వారివేనని, ఇతరులను గాయపరచడం వంటి తప్పులు మాత్రం అందరికీ తప్పులేనని రెండు వర్గాల పిల్లలూ చెప్పారు. ఈ విచక్షణను పెద్దలమైన మనం చెడగొట్టకుండా ఉంటే చాలు.

సైబరాబాద్ మేడలు కట్టినవారిలో చాలామంది జార్ఖండ్, బీహార్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. 2020లో లాక్‌డౌన్ సమయంలో వలస కార్మికులను తీసుకుని దేశంలోనే మొట్టమొదటి ప్రత్యేక రైలు బయల్దేరింది మన లింగంపల్లి స్టేషన్ నుంచే. అది మే 1న జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అవి రమజాన్ రోజులు. గేటు దగ్గర వాచ్‌మన్, ఇంటి పనికి వచ్చే ఆమె, మెట్లెక్కి పార్సిల్ తెచ్చే కుర్రవాడు, పక్క స్థలంలో ఇటుకలు మోసే తల్లి - మన బిడ్డ నిత్యం చూసే అవసరార్థులు వీరే. వీరిని పేరు పెట్టి, మర్యాదగా పలకరించడం బిడ్డ నేర్చుకోవలసిన మొదటి సదఖా. చిరునవ్వు కూడా సదఖాయే కదా!

నగరంలో మరో ఉదాహరణ ఉంది. పాతబస్తీ దబీర్‌పురా వంతెన కింద అజహర్ మఖ్సూసీ 2012 నుంచి ఆకలిగొన్నవారికి అన్నం పెడుతూ వచ్చారు. మతం అడగరు. చిన్నతనంలో తండ్రిని కోల్పోయి తాను కూడా ఆకలి బాధ చవిచూశానని ఆయన చెబుతుంటారు. ఆకలి ఎరిగిన బాల్యం అన్నం పెట్టే చేతిని తయారు చేసింది. మన పిల్లలకు అలాంటి ఆకలి రావాలని ఎవరూ కోరుకోరు. కానీ రమజాన్‌లో తన శక్తి మేరకు కొన్ని గంటలు ఉపవాసం ఉన్న బిడ్డకు, రోజూ ఇలాగే ఉండేవారు కూడా ఉన్నారని చెబితే అర్థమవుతుంది.

గుప్తదానం సంగతేమిటి?

దానం రహస్యంగా చేయాలి కదా, పిల్లలకు చూపితే ప్రదర్శన కాదా అని కొందరికి సందేహం రావచ్చు. బఖర సూరా 271వ ఆయతు బహిరంగ దానం కూడా మంచిదేనని, పేదలకు గుప్తంగా ఇవ్వడం మరింత శ్రేష్ఠమని తెలుపుతోంది. లోకానికి చాటడం వేరు, కన్నబిడ్డకు నేర్పడం వేరు. తీసుకునేవారి గౌరవానికి భంగం కలగకుండా, బిడ్డను ప్రేక్షకుడిగా కాక భాగస్వామిగా చేసుకుంటే అది ప్రదర్శన కాబోదు.

ఆచరణలో పెట్టదగిన కొన్ని విషయాలు:

1. ఫోనులో సదఖా పంపేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఇది ఎందుకో ఒక్క మాటలో చెప్పండి. తీసుకునేవారి పేరు మాత్రం చెప్పకండి. వీలైతే కొంత సొమ్మును నోట్లుగా మార్చి అతని చేతితోనే ఇప్పించండి.

2. ఇంట్లో ఒక డిబ్బీ పెట్టండి. పండుగకు వచ్చిన ఈదీలో ఎంత వేయాలో బిడ్డే నిర్ణయించుకోనివ్వండి. ఒక్క రూపాయి వేసినా చిన్నచూపు వద్దు. సగం ఖర్జూరంతోనైనా నరకాగ్ని నుంచి కాపాడుకోమని ప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం).

3. విరిగిన బొమ్మలు, చిరిగిన బట్టలే దానానికి తీయకండి. ప్రియమైన వాటిలోంచి ఖర్చు చేయనిదే పుణ్యస్థాయికి చేరలేరని ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయతు బోధిస్తోంది. ఆ ఆయతు విన్న అబూ తల్హా (రజి) తనకెంతో ఇష్టమైన బైరుహా తోటను ఇచ్చేశారు. ఆ గాథ చెప్పి, పనికొచ్చే వస్తువు ఒకటి బిడ్డనే ఎంచుకోమనండి.

4. ఫిత్రా దానం పెద్దలపైనే కాక పిల్లల తరఫున కూడా విధించబడింది. ఈద్ నమాజుకు ముందే అది చేరాలి. ఇది నీ తరఫున అని చెప్పి బిడ్డ చేతే అందించండి. అల్లాహ్ ధర్మంలో తనకు కూడా ఒక వాటా ఉందని ఆ పసి మనసుకు తెలుస్తుంది.

5. ఇచ్చిన తర్వాత దాన్ని పదే పదే ఎత్తి చూపకండి. దెప్పిపొడుపుతో దానం వ్యర్థమవుతుందని బఖర సూరా 264వ ఆయతు హెచ్చరిస్తోంది.

ఒక పేద తల్లి ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరికి వచ్చింది. ఆమెకు మూడు ఖర్జూరాలు దొరికాయి. పిల్లలకు చెరొకటి ఇచ్చి, మూడోది తాను తినబోతుంటే వాళ్లు అది కూడా అడిగారు. ఆ తల్లి దాన్ని రెండు ముక్కలు చేసి వారికే ఇచ్చేసింది. ఈ సంగతి విన్న ప్రవక్త (స), అల్లాహ్ ఆమెకు స్వర్గం ప్రసాదించాడన్న శుభవార్త వినిపించారు (ముస్లిం). ఆ తల్లి పిల్లలకు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఇవ్వడమంటే ఏమిటో ఆ పిల్లలు తమ కళ్లతోనే చూశారు.

మన పిల్లలు కూడా మనల్నే చూస్తున్నారు. వారి కళ్లకు కనబడేలా, వారి చేతికి అందేలా మంచిని ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. మన సంతానాన్ని లోభత్వం నుంచి కాపాడి, మన కంటికి చలువగా చేయుగాక. ఆమీన్.